కాన్పుకు ముందే తేల్చుకోవలసిన పాల సంగతి

కాన్పు దగ్గరపడుతున్న ఇంట్లో ఆసుపత్రి సంచి సర్దడం ఎనిమిదో నెలలోనే మొదలవుతుంది. ఉతికి ఆరబెట్టిన మెత్తటి నూలుగుడ్డలు, బాలింతకు ముందు తెరుచుకునే నైటీలు, ఫ్లాస్కు, దుప్పటి, స్కానింగు కాగితాల ఫైలు. ఈమధ్య కొన్ని ఇళ్లలో వీటి మధ్య ఒక పాలసీసా, ఒక పాలపొడి డబ్బా కూడా చేరుతున్నాయి, ఎందుకైనా మంచిదని. బిడ్డ పాలకు సిద్ధం కావడమంటే సామాను కొని పెట్టుకోవడమేనన్న ఈ ఆలోచన దగ్గరే అసలు పొరపాటు ఉంది. తొలి మూడు రోజుల్లో బిడ్డ కడుపులోకి ఏం పోతుందన్నది ఆ గంటల్లో ఎవరు ఏ నిర్ణయం తీసుకుంటారన్నదాని మీద ఆధారపడుతుంది. ఆ నిర్ణయాలు నొప్పుల గదిలో, ఆపరేషన్ థియేటర్ బయట కుర్చీల్లో, నిద్రలేని అర్ధరాత్రి వార్డులో జరిగిపోతాయి. అప్పుడు తల్లికి మాట్లాడే ఓపిక ఉండదు, ఇంట్లోవాళ్లకు ఆలోచించే తీరిక ఉండదు. అందుకే ఈ సంగతి ఏడో నెలలోనో ఎనిమిదో నెలలోనో డాక్టరుతోనూ, పక్కన ఉండబోయే మనిషితోనూ మాట్లాడి తేల్చుకోవలసినదని నా వాదన.

లెక్కలు ఈ వాదనకే బలమిస్తున్నాయి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాలుగో విడత 2015-16లో, అయిదో విడత 2019-21లో జరిగాయి. ఈ రెండింటి మధ్య దేశంలో ఆసుపత్రి కాన్పులు 78.9 శాతం నుంచి 88.6 శాతానికి పెరిగాయి. పుట్టిన గంటలోపు రొమ్ము పట్టిన పిల్లలు మాత్రం 41.6 శాతం నుంచి 41.8 శాతానికి వచ్చి ఆగారు. అయిదో విడతలో తెలంగాణలో 97 శాతం కాన్పులు ఆసుపత్రుల్లోనే జరిగినా, గంటలోపు పాలందిన పిల్లలు 37 శాతం దగ్గరే ఉన్నారు. ఇంటి కాన్పుల కాలంలో ముర్రుపాలు పిండి పారబోశారంటే అది ఆచారమనీ తెలియనితనమనీ అనుకున్నాం. డాక్టరు, నర్సు, మందులు, కరెంటు అన్నీ ఉన్నచోట పుట్టిన బిడ్డకు కూడా ఆ గంట దాటిపోతుంటే తప్పు తల్లి తెలియనితనానిదని ఎలా అంటాం? ఇదే సర్వేలో మరో అంకె ఉంది. ఆరు నెలల లోపు పిల్లల్లో తల్లిపాలు తప్ప మరేమీ తాగనివాళ్లు 54.9 శాతం నుంచి 63.7 శాతానికి పెరిగారు. అంటే పాలివ్వాలన్న పట్టుదల తల్లుల్లో పెరుగుతూనే ఉంది. కదలకుండా నిలిచిపోయింది ఆసుపత్రి చేతిలో ఉన్న తొలి గంట ఒక్కటే.

ఆ గంటల్లో ఒంట్లో ఏం జరుగుతుందో తెలిస్తే సగం భయం పోతుంది. మాయ బయటపడగానే తల్లి రక్తంలో ప్రొజెస్టెరాన్ అనే హార్మోను ఒక్కసారిగా తగ్గుతుంది. పాలు ధారగా దిగడానికి అది తొలి సంకేతం, కానీ దాని ఫలితం కనపడడానికి రెండు మూడు రోజులు, కొందరికి నాలుగు రోజులు పడుతుంది. ఈలోపు ఉండేవి ముర్రుపాలు. అవి చిక్కగా, పసుప్పచ్చగా, చాలా కొద్దిగా ఉంటాయి. తొలి 24 గంటల్లో బిడ్డ ఒక్కో విడతకు తాగేది 2 నుంచి 10 మిల్లీలీటర్లు. రెండో రోజు 5 నుంచి 15, మూడో రోజు 15 నుంచి 30, నాలుగో రోజుకు 30 నుంచి 60. ప్రకృతి వేసిన ఈ కొలత తెలియనివాళ్లకు రొమ్ము పిండితే వచ్చే నాలుగు చుక్కలు చూడగానే పాలు పడలేదనే అనిపిస్తుంది. నిజానికి ఆ నాలుగు చుక్కల్లోనే రోగాలను అడ్డుకునే ప్రతిరక్షకాలు, తెల్ల రక్తకణాలు దండిగా ఉంటాయి. బిడ్డ పేగుల్లోని నల్లటి తొలి మలం త్వరగా బయటపడడానికీ అవే తోడ్పడతాయి.

పాలు మూడో రోజుకో నాలుగో రోజుకో దిగుతాయని మన పెద్దలు ఎప్పుడో గమనించారు. సుశ్రుత సంహితలో ఆ మాట ఉంది, అంతవరకు తేనె, నెయ్యి నాకించమన్న సలహా కూడా ఉంది. గమనింపు సరైనదే, దాని మీద కట్టుకున్న నిర్ణయం మాత్రం ముర్రుపాలను లెక్కలోకి తీసుకోలేదు. ఆ ఖాళీని నింపడానికి తేనె, ఆముదం, పంచదార నీళ్లు, కొన్ని ఊళ్లలో గాడిదపాలు వచ్చాయి. ఏడాది లోపు బిడ్డకు తేనె వల్ల బొటులిజం అనే ప్రమాదకరమైన జబ్బు రావచ్చని ఇప్పుడు తెలిసింది. చదువుకున్న ఇళ్లలో ఇవన్నీ చాలావరకు మానేశారు. కానీ ఆ ఖాళీ ఉందన్న నమ్మకం పోలేదు. పాలు పడేదాకా ఏదో ఒకటి పట్టాలన్న అదే తర్కంతో తేనె స్థానంలో డబ్బాపాలు వచ్చి కూర్చున్నాయి. తేడా ఏమిటంటే, అమ్మమ్మ తేనె నాకిస్తే అది మూఢనమ్మకం అంటాం, తెల్లకోటు వేసుకున్నవాళ్లు చీటీ రాసి మందుల షాపుకు పంపితే వైద్యం అనుకుంటాం. తొలి రోజు బిడ్డకు సీసాతో 30 మిల్లీలీటర్లు పడితే అది తనకు కావలసినదానికి ఎన్నో రెట్లు. బిడ్డ గంటల తరబడి పడుకుంటుంది. రోజుకు ఎనిమిది నుంచి పన్నెండు సార్లు చీకాల్సిన రొమ్మును అందులో సగం సార్లు కూడా చీకదు. పాలు ఊరడం చీకడం మీద నడిచే వ్యవహారం కనుక, లేని కొరతను తీర్చబోయి ఉన్న ఊటను తగ్గించినట్టవుతుంది.

తొలి గంటకు ఇంత ప్రాధాన్యం ఎందుకని అడగవచ్చు. ఘనాలో దాదాపు 11,000 మంది పిల్లలను పరిశీలించి 2006లో వెలువరించిన అధ్యయనం, అందరికీ మొదటి గంటలోనే పాలందితే నెలలోపు మరణాల్లో 22 శాతం తప్పించవచ్చని అంచనా కట్టింది. 2016లో ఘనా, టాంజానియా, మన హర్యానాల నుంచి 99,938 మంది పిల్లల వివరాలతో వచ్చిన పెద్ద అధ్యయనంలో, మొదటి గంటలో తాగినవారితో పోలిస్తే రెండు నుంచి 23 గంటల మధ్య మొదలుపెట్టినవారికి నెలలోపు మరణించే ముప్పు 41 శాతం, ఒక రోజు దాటాక మొదలుపెట్టినవారికి 79 శాతం ఎక్కువగా కనిపించింది. దీనికి గట్టి ఆక్షేపణే ఉంది. పుట్టుకతోనే నీరసంగా ఉన్న బిడ్డ త్వరగా రొమ్ము పట్టదు, చనిపోయే ప్రమాదమూ దానికే ఎక్కువ. అలాంటప్పుడు ఆలస్యం కారణమా, జబ్బు గుర్తా? ఘనా పరిశోధకులు రెండో రోజు వరకు బతికిన పిల్లలనే లెక్కలోకి తీసుకుని ఈ చిక్కును కొంత తగ్గించారు, పూర్తిగా పోయిందని ఎవరూ చెప్పలేరు. అందుకే నేను ఆ శాతాల కంటే మరో రకం సాక్ష్యాన్ని ఎక్కువ నమ్ముతాను. పుట్టగానే బిడ్డను గుడ్డలు లేకుండా తల్లి ఛాతీ మీద పడుకోబెట్టడం గురించి 46 ప్రయోగాలను, 3,850 మంది తల్లీబిడ్డలను కలిపి చూసిన 2016 నాటి కోక్రేన్ సమీక్ష అది. అవి తల్లులను చీటీ తీసినట్టు రెండు గుంపులుగా విడదీసి పోల్చిన ప్రయోగాలు కాబట్టి అక్కడ ఈ ఆక్షేపణ నిలవదు. అలా ఒంటికి ఒళ్లు ఆనించిన తల్లుల్లో ఎక్కువమంది నెలల తర్వాత కూడా పాలిస్తున్నారు, పిల్లల రక్తంలో చక్కెర కూడా మెరుగ్గా నిలిచింది. ఖర్చు లేని ఈ పనికి కావలసిందల్లా బిడ్డను తూచడం, తుడవడం, ఫొటోలు తీయడం ఒక గంట ఆపుకోవడం.

మన రాష్ట్రాల్లో ఈ మాట ఎత్తగానే సిజేరియన్ సంగతి అడ్డొస్తుంది. రావాలి కూడా. అదే అయిదో విడత సర్వే ప్రకారం దేశమంతటా 21.5 శాతం కాన్పులు ఆపరేషన్లయితే ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం, తెలంగాణలో 60.7 శాతం. తెలంగాణ ప్రైవేటు ఆసుపత్రుల్లో ఏకంగా 81.5 శాతం. అంటే తెలంగాణలో సగానికి మించి బిడ్డల తొలి గంట ఆపరేషన్ బల్ల పక్కనే గడుస్తోంది. సాధారణంగా జరిగేది ఇది: బిడ్డను తుడిచి, చుట్టి, బయట ఉన్న బంధువుల చేతికి ఇస్తారు. తల్లి కుట్లు పూర్తయి, రికవరీ గదిలో కొన్ని గంటలుండి వార్డుకు వస్తుంది. ఈలోపు బిడ్డ ఏడుస్తుంది, బయట ఉన్న అమ్మమ్మకో నాయనమ్మకో గుండె ఆగదు, సీసా వస్తుంది. ఇందులో దుర్బుద్ధి ఎవరిదీ లేదు. కానీ ఇందులో తప్పనిసరి అన్నదీ పెద్దగా లేదు. ఇప్పటి సిజేరియన్లలో ఎక్కువ భాగం నడుముకు మత్తు ఇచ్చి చేసేవే. తల్లి మెలకువగా ఉంటుంది, ఛాతీ మీద ఏ కోతా ఉండదు. బిడ్డ బాగుంటే కుట్లు వేస్తుండగానే ఛాతీ మీద అడ్డంగా పడుకోబెట్టవచ్చు. ముక్కూ నోరూ మూసుకుపోకుండా, బిడ్డ రంగు మారకుండా కనిపెట్టుకుని ఒక నర్సు పక్కన ఉండాలి. ఆ కాపలా లేకుండా చేయకూడదు, ఎందుకంటే తొలి రెండు గంటల్లో ఉన్నట్టుండి బిడ్డ ఊపిరి ఆగిన సంఘటనలు అరుదుగానైనా ఉన్నాయి. మామూలుగా వాడే నొప్పి మాత్రలు, యాంటీబయాటిక్‌లు పాలివ్వడానికి అడ్డు కావు. కుట్ల మీద బరువు పడకుండా పక్కకు తిరిగి పడుకుని ఇవ్వవచ్చు, లేదా బిడ్డ కాళ్లు తల్లి చంక కిందుగా వెనక్కి వచ్చేలా పట్టుకుని ఇవ్వవచ్చు. ఆపరేషన్ అయినవారికి పాలు దిగడం ఒకింత ఆలస్యం కావచ్చన్నది నిజం. అలాంటివారికి తొలి గంటలు పోగొట్టుకునే వెసులుబాటు ఇంకా తక్కువ. కాబట్టి పరీక్షలకు వెళ్లినప్పుడే డాక్టరును సూటిగా అడగాలి: ఆపరేషన్ అయితే బిడ్డను నా దగ్గరికి ఎంతసేపట్లో ఇస్తారు, రికవరీ గదిలోకి బిడ్డను రానిస్తారా, రొమ్ము పట్టించడానికి ఎవరు సాయపడతారు, నన్ను అడక్కుండా డబ్బాపాలు పట్టకుండా ఫైలు మీద రాస్తారా? జవాబు సంతృప్తికరంగా లేకపోతే ఆసుపత్రి మార్చుకోవడానికి ఏడో నెలలో ఇంకా వ్యవధి ఉంటుంది.

పక్కన ఉండే మనిషి ఎవరన్నది డాక్టరెవరన్నంత పెద్ద విషయం. పుట్టింటివాళ్ల తరఫున పురుడు పోయడానికి వచ్చే అమ్మకు ఈ మూడు రోజులూ నిద్ర ఉండదు, ఆమె మాటే అక్కడ శాసనం. ఆమెను పాతకాలపు మనిషని పక్కకు నెట్టి సాధించేది ఏమీ లేదు. కూతురుతో పాటు ఆమె కూడా ఒక్కసారి ఆ డాక్టరు గదిలో కూర్చుని కొలతల సంగతి వింటే సగం పని అయిపోతుంది. బాలింతకు నీళ్లు తగ్గించి ఇవ్వడం, తొలి రోజుల్లో తిండి మరీ కట్టడి చేయడం మానుకోవాలని ఆమెకు ఆ డాక్టరే చెప్పాలి. దాహమైనంత నీళ్లు, ఆకలైనంత తిండి కావాలి. మరోవైపు ఆమె చేతిలో ఉన్న పాత విద్య ఒకటి ఇవాళ్టి పిల్లల డాక్టర్లకూ ఇష్టమైనదే. బిడ్డకు రొమ్ము అందనప్పుడు పిండిన పాలను సీసాతో కాక చిన్న గిన్నెతో, చెంచాతో పట్టమంటారు. మన ఉగ్గుగిన్నె చేసే పని సరిగ్గా అదే. సీసా పీకకు అలవాటైన బిడ్డ రొమ్ము దగ్గర తికమక పడవచ్చు, సీసాను శుభ్రం చేయడమూ కష్టం. వేడినీళ్లలో మరిగించిన గిన్నెతో ఆ రెండు బెడదలూ ఉండవు. సంచిలో పెట్టదగ్గ వస్తువు ఏదైనా ఉంటే ఇదే.

ఆసుపత్రి బాధ్యతకు కొలమానాలు ఎప్పుడో ఏర్పడ్డాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ కలిసి 1989లో పది మెట్లను ప్రకటించాయి, 1991లో వాటి మీద శిశుస్నేహ ఆసుపత్రుల కార్యక్రమం మొదలుపెట్టాయి, 2018లో సవరించాయి. గర్భిణిగా ఉన్నప్పుడే పాల గురించి మాట్లాడడం, తల్లీబిడ్డలను రాత్రింబవళ్లు ఒకేచోట ఉంచడం, వైద్య కారణం లేకుండా మరే పాలూ పట్టకపోవడం అందులోవే. మన దేశంలో 1992 నాటి చట్టం, 2003లో బిగించిన సవరణ డబ్బాపాల ప్రకటనలను, ఉచిత నమూనాలను, ఆసుపత్రుల్లో ప్రచారాన్ని నిషేధించాయి. ఉల్లంఘనకు మూడేళ్ల వరకు జైలు ఉంది. 2016లో కేంద్రం ‘మా’ పేరుతో తల్లిపాల కార్యక్రమాన్ని తెచ్చింది. ఇన్ని ఉన్నా గంటలోపు పాల అంకె కదలకపోవడానికి కారణం, నా దృష్టిలో, రాత్రి డ్యూటీలో ఉన్న ఇద్దరు నర్సులు ఒక వార్డు మొత్తాన్ని చూసుకోవలసి రావడమే. రొమ్ము సరిగా పట్టించడానికి ఒక తల్లి దగ్గర అరగంట కూర్చోవాలి. డబ్బా కలపడానికి రెండు నిమిషాలు చాలు. ఆ అరగంటను ఎవరి ఉద్యోగంలోనైనా భాగం చేయకుండా గోడల మీద పోస్టర్లు అంటించి లాభం లేదు. 2017లో తెలంగాణ ప్రభుత్వం ఫెర్నాండెజ్ ఆసుపత్రి, యునిసెఫ్ తోడ్పాటుతో నర్సులకు మిడ్‌వైఫరీ, అంటే మంత్రసాని పనిలో, శిక్షణ మొదలుపెట్టడం ఈ దిశలో సరైన అడుగు. ప్రైవేటు ఆసుపత్రులకు ఆ పద్ధతి విస్తరించకపోతే ఎక్కువమంది తల్లులకు అది అందదు.

అన్నిటికంటే బరువైన ఆక్షేపణ వేరే ఉంది. తల్లిపాలే పట్టాలన్న పంతంతో బిడ్డను ఆకలితో మాడ్చేస్తే? ఇది ఊహ కాదు. సరిపడా పాలందని పిల్లలు నాలుగైదు రోజులకు నీరు ఇగిరి, రక్తంలో సోడియం పెరిగి, మగతగా ఆసుపత్రికి రావడం పిల్లల డాక్టర్లు చూసే సంగతే. అది మెదడుకు కూడా ముప్పు తేగలదు. కొందరు తల్లులకు నిజంగానే పాలు చాలవు. ఈ భయానికి జవాబు కొలవడంలో ఉంది. ముందుజాగ్రత్త పేరుతో అందరికీ డబ్బా పట్టడం జవాబు కాదు. బిడ్డ తొలి రోజుల్లో కొంత బరువు తగ్గడం మామూలే, 10 శాతం దాటితే డాక్టరు చూడాలి. మూడు కిలోల బిడ్డకు అది 300 గ్రాములు. మొదటి రోజు ఒకసారి, రెండో రోజు రెండుసార్లు, అలా పెరిగి, పాలు దిగాక రోజుకు ఆరుసార్లకు తక్కువ కాకుండా ఉచ్చ పోయాలి. నల్లటి మలం ఆకుపచ్చగా, అయిదో రోజుకల్లా పసుప్పచ్చగా మారాలి. మూడో రోజు దాటాక గుడ్డ మీద ఇటుక రంగు మరక పడుతుంటే పాలు చాలడం లేదన్న అనుమానం రావాలి. షుగరున్న తల్లి బిడ్డలకు, నెలలు నిండనివారికి, రెండున్నర కిలోల లోపు వారికి తొలి గంటల్లోనే చక్కెర పరీక్ష చేయాలి. ఈ పరీక్షల్లో తేడా వస్తే పై పాలు మందు లాంటివి. ఎంత, ఎన్నిసార్లు, ఎప్పటివరకు అన్నది రాసి ఇవ్వాలి. 2013లో అమెరికాలో 40 మంది పిల్లల మీద జరిగిన చిన్న ప్రయోగం ఇక్కడ ఆసక్తికరమైనది. బరువు అయిదు శాతం పైగా తగ్గిన పిల్లలకు ప్రతిసారీ రొమ్ము ఇచ్చాక సిరంజితో 10 మిల్లీలీటర్ల డబ్బాపాలు పట్టి, తల్లిపాలు దిగగానే ఆపేశారు. మూడు నెలల నాటికి తల్లిపాలు మాత్రమే తాగుతున్నవారు ఆ గుంపులో 79 శాతం, అలా పట్టని మరో గుంపులో 42 శాతం. తర్వాత జరిగిన పెద్ద ప్రయోగంలో ఇంత లాభం కనపడలేదు. అయినా ఆ పద్ధతిలో కొలత, గడువు, రొమ్ము తర్వాతే అన్న క్రమం ఉన్నాయని గమనించాలి. మన వార్డుల్లో సీసా నిండా కలిపి పట్టే పాలకు ఈ మూడూ లేవు. పై పాలు అవసరమైనప్పుడు కూడా మొదటి వరస తల్లి సొంతంగా పిండిన పాలది, తర్వాత దానం చేసిన తల్లిపాలది. 1989లో ముంబయి సయాన్ ఆసుపత్రిలో దేశంలోని తొలి తల్లిపాల నిధి మొదలైంది. హైదరాబాద్ నీలోఫర్ ఆసుపత్రిలో ధాత్రి పేరుతో అలాంటిదే నడుస్తోంది. అక్కడ పాలను 62.5 డిగ్రీల వేడి మీద అరగంట ఉంచి సూక్ష్మజీవులను చంపుతారు. ఇలాంటి పాలు చాలా ఆసుపత్రులకు అందుబాటులో లేకపోవడం పెద్ద లోటు.

బిడ్డను ఎన్‌ఐసీయూకు, అంటే పసికందుల ఇంటెన్సివ్ కేర్ విభాగానికి, తీసుకెళ్తే ఈ ఆలోచనంతా కొట్టుకుపోతుందని చాలామంది అనుకుంటారు. నిజానికి ముందస్తు తయారీ ఎక్కువ అక్కరకొచ్చేది వారికే. బిడ్డ చీకకపోయినా తొలి గంటల్లోనే మొదలుపెట్టి రెండు మూడు గంటలకోసారి చేత్తో పిండితే ఊట నిలుస్తుంది. తొలి రోజుల్లో పంపు కంటే చేయే నయం, ఎందుకంటే చిక్కటి కొద్దిపాటి పాలు పంపు గొట్టాలకు అంటుకుపోతాయి. ఈ పిండే పద్ధతిని కాన్పుకు ముందే బొమ్మ మీదో వీడియోలోనో నేర్చుకోవచ్చు. షుగరున్న గర్భిణులు 36వ వారం నుంచి ముర్రుపాలు పిండి దాచుకోవచ్చా అని ఆస్ట్రేలియాలో 635 మంది మీద జరిపిన ప్రయోగం 2017లో వెలువడింది. ఇతర ముప్పులు లేనివారికి దానివల్ల హాని కలగలేదు. కానీ ఇది డాక్టరు చెప్పాకే చేయవలసిన పని.

ఇదంతా తల్లి మీద మరో బరువు మోపడం కాదా అన్న ప్రశ్న మిగిలింది. పాలు రాని తల్లి, ఎయిడ్స్ మందులు వాడుతున్న తల్లి, ఒంట్లో బాగోక ఇవ్వలేకపోయిన తల్లి, ఇవ్వకూడదని నిర్ణయించుకున్న తల్లి, వీళ్లలో ఎవరినీ దోషులుగా నిలబెట్టే హక్కు ఎవరికీ లేదు. హెచ్‌ఐవీ ఉన్న తల్లి మందులు సరిగ్గా వాడుతూ ఆరు నెలలు తల్లిపాలు మాత్రమే ఇవ్వవచ్చని మన దేశపు మార్గదర్శకాలే చెబుతున్నా, ఆమెకు ఆ మాట చెప్పేవాళ్లు ఉండరు. తల్లి మీద భారం పడేది ఆమెను పాలివ్వమని అడిగినందువల్ల కాదు. ఆమెకు సాయం అందనందువల్ల పడుతుంది. మూడో రోజు రొమ్ములు రాళ్లలా గట్టిపడి, చనుమొనలు పగిలి, బిడ్డ ఏడుస్తుంటే, నీకు పాలు లేవని చుట్టూ నలుగురూ అంటుంటే ఆమె కుంగిపోతుంది. చనుమొన ఒక్కటే కాక దాని చుట్టూ ఉన్న నల్లటి భాగం కూడా బిడ్డ నోట్లోకి పోయేలా పట్టించడం ఎవరైనా తొలి రోజే నేర్పి ఉంటే ఆ పగుళ్లలో చాలావరకు రావు.

చిక్కల్లా ఆ మూడో రోజు ఎక్కువమంది ఇంటికి వెళ్లిపోయి ఉండడం. 2011 నుంచి జననీ శిశు సురక్ష కార్యక్రమం కింద ప్రభుత్వాసుపత్రుల్లో మామూలు కాన్పుకు మూడు రోజులు, ఆపరేషన్‌కు ఏడు రోజులు ఉచిత భోజనంతో ఉండవచ్చు. పడకలు చాలక, ఇంటి మీద బెంగతో, ప్రైవేటులో బిల్లు భయంతో ఇంకా ముందే బయలుదేరుతారు. పాలు దిగేది, కామెర్లు పెరిగేది, బరువు అట్టడుగుకు చేరేది సరిగ్గా అప్పుడే. ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో ఇంటికి రావాలని నియమం ఉంది. పుట్టింటికి వేరే ఊరు వెళ్లిన బాలింత పేరు అక్కడి ఆశా దగ్గర ఉండదు, కాబట్టి కాన్పుకు వెళ్లకముందే ఆ ఊరి కార్యకర్తకు కబురు చేసి ఫోను నంబరు తీసుకోవాలి. డిశ్చార్జి కాగితం మీద మందుల పేర్లతో పాటు పుట్టినప్పటి బరువు, వెళ్లేనాటి బరువు, బిడ్డ ఎన్నిసార్లు ఉచ్చ పోసిందీ, రొమ్ము పట్టడం నర్సు కళ్లారా చూసిందీ లేనిదీ రాయించుకోవాలి. రెండు రోజుల్లో బిడ్డను మళ్లీ ఎక్కడ తూచాలో, అర్ధరాత్రి అనుమానమొస్తే ఏ నంబరుకు చేయాలో కూడా అదే కాగితం మీద ఉండాలి. లేకపోతే బండి ఎక్కకముందే అడిగి రాయించుకోవాలి.